ముప్పై ఆరు పళ్ల గొలుసు

పోయిన వారం మొయినాబాద్‌లోని మా దుకాణానికి ఒక సూపర్‌వైజర్ వచ్చాడు. గండిపేట వైపు కొత్తగా కట్టిన ఇళ్ల కాలనీలో తోట పనులు చూస్తాడట. మనిషిది గోదావరి వైపు మాట. చెట్లు కోసే రంపం మిషన్ల చైన్లకు పదును పెట్టడమే మా దుకాణం పని కాబట్టి, నాలుగు చైన్లు సంచిలో వేసుకొచ్చి బల్ల మీద కుమ్మరించాడు. మూడు మామూలువే. నాలుగోది తుప్పు పట్టి, ఎండిన నూనెతో నల్లగా అట్టకట్టి ఉంది. "ఇది పాత ఫామ్‌హౌస్ స్టోర్‌రూములో దొరికిందండి. దీని పళ్లు తేడాగా ఉన్నాయి. రెండు షాపుల్లో చూపించాను, పనికిరాదు పారెయ్యమన్నారు," అన్నాడు. కిరోసిన్ గుడ్డతో ఒక పన్ను తుడిచి వెలుతురుకు పట్టి చూశాను. నలుచదరపు మూల. ఆ మూలను చూసి ఎన్నేళ్లయిందో. "పనికొస్తుంది, రేపు రండి," అన్నాను. "ఇది చేయడం మీకు వచ్చాండీ? ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగాడు. మా ఇంట్లో, అన్నాను. అంతకన్నా వినడానికి అతనికి తీరిక లేదు. రోడ్డు మీద అతని బండి వెనక మెహదీపట్నం బస్సు హారన్ కొడుతోంది. అతనికి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు చేవెళ్లకూ మొయినాబాద్‌కూ నడుమ, పెద్ద రోడ్డు దిగి లోపలికి నడిస్తే వస్తుంది. మా బాపు పేరు దేవదానం. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని లాగే పెద్ద రంపంతో చెట్లు కోసేవాడు. కోయడం కంటే రంపానికి పళ్లు తీర్చడంలో ఆయనకు పేరు ఎక్కువ. శంకర్‌పల్లి నుంచి కూడా వడ్రంగులు తమ రంపాలను బస్సు మీద వేసి పంపేవాళ్లు. తెల్లారగానే అరుగు మీద తూర్పు ముఖంగా కూర్చుని ఆకురాయి పట్టేవాడు. ఆ గీకుడు చప్పుడుకే మేం ముగ్గురు అక్కచెల్లెళ్లం నిద్ర లేచేవాళ్లం. పొద్దున అనగానే ఇప్పటికీ నాకు మూడు వాసనలు వస్తాయి: పొయ్యి మీద జొన్నరొట్టె కాలే వాసన, రంపానికి రాసిన ఆముదం వాసన, వేడెక్కిన ఇనుము నుంచి రాలే రజను వాసన. ఆ రజను మా కాళ్లకు గుచ్చుకుంటుందని, కోళ్లు ఏరుకు తింటాయని అవ్వకు, అంటే మా అమ్మకు, భయం. పాడైన రేడియోలోంచి అయస్కాంతం పీకి, దానికి తాడు కట్టి, బాపు లేవగానే అరుగంతా దానితో తుడిచేది. అది నల్లటి ముళ్లపందిలా తయారయ్యేది. ఆదివారం మాత్రం ఆకురాయి ముట్టేవాడు కాదు. ఆ రోజు ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండి, ప్రార్థనకు ఆలస్యంగా లేచి తిట్లు తినేవాళ్లం. బాపు కుడి బొటనవేలి గోరు ఎప్పుడూ కత్తిరించేవాడు కాదు. అన్నం కలిపేటప్పుడు అవ్వ దాన్ని చూసి మొహం తిప్పుకునేది. "అది నా పనిముట్టు," అనేవాడు బాపు.

ఆ గోరుతో ఏం చేసేవాడో నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. పన్ను అంచు మీద గోరును ఆనించి, బరువు వేయకుండా కొద్దిగా జరిపేవాడు. పదునుంటే అంచు గోరును పట్టుకుంటుంది. మొద్దుబారితే జారిపోతుంది. అంతే పరీక్ష.

తర్వాత మా వైపు ఫామ్‌హౌస్‌లు మొదలయ్యాయి. మామిడి తోటలు, నీలగిరి తోపులు వరసగా అమ్ముడుపోయాయి. కొన్నవాళ్లు ముందు చెట్లు తీయించేవాళ్లు. మొయినాబాద్‌లో మోటార్లు బాగుచేసే ఖాదర్ భాయ్ మూడు రంపం మిషన్లు తెచ్చి కోతపని పట్టాడు. చేతిరంపాలు మూలకు చేరాయి. బాపును ఖాదర్ భాయ్ పనిలోంచి తీయలేదు, చైన్లకు పదును పెట్టే పనికి పెట్టుకున్నాడు. సాయంత్రం మిషన్లతో పాటు చైన్లు ఇంటికి వచ్చేవి, పొద్దున పదునై వెళ్లేవి. మిషన్ పట్టి కోసేది యాదగిరి. మా వాడకట్టు వాడే, బాపును కాకా అని పిలిచేవాడు. ముప్పై నిండని బలమైన మనిషి. పనిలో తొందరపడేవాడు కాదు.

ఒకసారి ఖాదర్ భాయ్ బొంబాయిలో పాత సామాను వేలంలో ఒక చెక్కపెట్టె కొన్నాడు. దాని నిండా కొత్త చైన్లు, నూనె కాగితంలో చుట్టిన ఒక కట్ట ఆకురాయిలు ఉన్నాయి. ఆ చైన్లు మొదటిరోజు ఎలా కోశాయో యాదగిరి ఊరంతా చెప్పాడు. నీలగిరి మొద్దు మామూలు చైన్‌తో కోసే దానికి సగం సేపట్లో తెగిందట. రెండో రోజు మధ్యాహ్నానికి మొద్దుబారాయి. సాయంత్రం దాకా ఆగలేక దగ్గర్లోని ఒక దుకాణంలో, మామూలు చైన్లకు పెట్టినట్టే గుండ్రటి ఆకురాయితో పదును పెట్టించారు. అంతటితో అవి కోయడం మానేశాయి. చెక్కను కొరకకుండా రుద్దుతాయి, పొగ వస్తుంది, కోత ఒక పక్కకు వంకర తిరుగుతుంది. ఖాదర్ భాయ్ ఆ పెట్టె తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. "దేవదానం భాయ్, నువ్వు జర చూడు. నీతోటి గాకపోతే తుక్కుల ఏస్త," అన్నాడు.

బాపు రెండు రోజులు ఒక్క పన్ను మీదా ఆకురాయి పెట్టలేదు. ఒక కొత్త చైన్ ఒళ్లో పెట్టుకుని వేళ్లతో, గోరుతో తడుముతూ కూర్చున్నాడు. మూడో రోజు నన్ను పిలిచాడు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. చేవెళ్ల కాలేజీలో ఇంటర్ లెక్కల్లో తప్పి ఇంట్లో ఉన్నాను. ఏం చేయాలో నాకూ తెలియదు, నన్నేం చేయాలో వాళ్లకూ తెలియదు. "బిడ్డా, ఈ పన్ను లోపల చూడు. మామూలు పన్ను లోపల చెంచా లెక్క గుండ్రంగ ఉంటది. దీనికి గుండ్రం లేదు. పై రేకు, పక్క రేకు రెండు ఉలుల లెక్క వచ్చి ఒక్క మూల కాడ కలుస్తయి. అవునా కాదా?" అన్నాడు. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాను. నిజమే, అగ్గిపెట్టె మూలలాగా ఉంది. "ఆ మూలనే కోస్తది. గుండ్రం ఆకురాయి పెడితే మూల పోతది. ఈ కట్టల ఉన్నవి దీనికోసం చేసినవే, చూడు, ఆరు పలకలున్నయి. ఆకురాయి అంచు పోయి సరిగ్గ ఆ మూలలనే కూసోవాలె. ఎంట్రుకంత పైకి పోతే మూల అరిగిపోతది, కిందికి పోతే గాడి పడతది. నాకు వెలుతురు సరిపోతలేదు. నువ్వు పెట్టు, నేను చెప్త," అన్నాడు.

పొద్దున తొమ్మిది గంటల ఎండ. వెలుతురు సరిపోకపోవడమేమిటని అడగలేదు. అప్పటికే ఇంట్లో కొన్ని సంగతులు గమనిస్తున్నాను. రోడ్డు మీద బస్సు ఆగితే బోర్డు చూడకుండా, "వికారాబాద్‌దా, మెహదీపట్నందా?" అని పక్కవాళ్లను అడిగేవాడు. గడ్డం తానే గీసుకునేవాడు, మానేశాడు. అవ్వను అడిగితే గొంతు తగ్గించి, "కండ్లల్ల పొరలు వచ్చినయ్. దవాఖానల చూపించినం. ఇంకా ముదరాలె, అప్పుడే ఆపరేషన్ అన్నరు. ఖాదర్ భాయ్‌కి తెలిస్తే పని ఉంటదో ఉండదో, నువ్వు నోరు తెరవకు," అంది.

అలా మొదలైంది. తుమ్మమొద్దులో గాడి కొట్టి, చైన్ తిరిగే పొడవాటి ఇనుప పట్టీని అందులో నిలువుగా ఇరికించేవాళ్లం. ముప్పై ఆరు పళ్లు, సగం ఎడమకు చూస్తాయి, సగం కుడికి. మొదలుపెట్టిన పన్ను మీద చాక్‌పీసుతో గుర్తు. మామూలు చైన్‌ను లోపలి నుంచి బయటికి రుద్దుతారు. దీన్ని బయటి నుంచి లోపలికి తోయాలి. మొదటి వారం నేను పాడుచేసిన పళ్లకు లెక్క లేదు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆకురాయిని వెనక్కి లాగేటప్పుడు కూడా రుద్దేదాన్ని. కళ్లు మూసుకుని పక్కనే కూర్చున్న బాపు ఆ చప్పుడు పట్టేసేవాడు. "వెనకకు రుద్దకు, లేపు. లేపి మళ్ల పెట్టు. ఈ ఆకురాయిలు అరిగి ఒడిసిపోతే మళ్ల దొరకయ్ బిడ్డా," అనేవాడు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. నేను ఆరు పళ్లు చేశాక చైన్ తన వైపు జరుపుకుని గోరు ఆనించి, "మంచిది, మంచిది, ఇది కాదు, మంచిది," అంటూ పోయేవాడు. కాదన్న పన్నును వెలుతురుకు తిప్పి చూస్తే అంచు మీద సన్నటి తెల్లటి మెరుపు కనిపించేది. మొద్దు అంచు మెరుస్తుంది, పదునైన అంచు మెరవదు. అది ఆయన చెప్పిందే. చూసుకోవడం మాత్రం నాదే.

నాకు పుట్టుకతో ఎడమచేతి వాటం. బడిలో కొట్టి కొట్టి కుడిచేతికి మార్చారు. ఆ దెబ్బల ఫలితం ఇక్కడ కనిపించింది. కుడికి చూసే పళ్లను ఒక చేత్తో, ఎడమకు చూసేవాటిని ఇంకో చేత్తో పట్టగలిగేదాన్ని. అందుకని రెండు వైపుల పళ్లూ ఒకే పొడవుకు వచ్చేవి. ఒక వైపు పొడవు, ఒక వైపు పొట్టి అయితే కోత వంకర పోతుంది. రెండో నెలలో ఒక సాయంత్రం యాదగిరి చైన్లు ఇవ్వడానికి వచ్చి, "కాకా, ఈ మధ్య నీ చెయ్యి ఇంకింత కుదిరింది. కోత దారం పట్టినట్టు పోతున్నది," అన్నాడు. బాపు తలూపి ఊరుకున్నాడు. నేను లోపల పుంటికూర తెంపుతూ విన్నాను. నా పేరు ఎవరూ ఎత్తలేదు, అయినా ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. ఇంటర్ తప్పినప్పటి నుంచి నాకు అంత ఆకలి వేయలేదు.

ఆరు నెలలు గడిచాయి. వానలకు ముందు ఒక సాయంత్రం గాలిదుమారం లేచి చాలా చెట్లను పడగొట్టింది. తెల్లారి లేచేసరికి మా వాడకట్టు చివర సాలమ్మ ఇంటి మీద చింతచెట్టు వాలి ఉంది. సాలమ్మ ఒంటరి ముసలావిడ, నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. లావాటి మొదలు ముందుగోడ మీద ఆని, తలుపును పూర్తిగా మూసేసింది. సగం పెంకులు రాలిపోయాయి. లోపలి గదిలో సాలమ్మ ప్రాణాలతో ఉంది, ఇనుప చువ్వల కిటికీలోంచి మాట్లాడుతోంది. నిచ్చెన వేసి పైనుంచి దిగుదామంటే, తడిసిన మట్టిగోడ ఎక్కడ కాలు పెడితే అక్కడ కదులుతోంది. చెట్టును గోడకు ఇవతల నిటారుగా ఒకే కోతలో తెంపాలి. అప్పుడు బరువు బయటికి పడుతుంది. కోత వంకరపోయి పట్టీ ఇరుక్కుంటే మొద్దు జారి గోడను లోపలికి తోస్తుంది. ఇదంతా యాదగిరి చుట్టూ తిరిగి చూసి చెప్పాడు.

యాదగిరి దగ్గర ఆ రోజు రెండే చైన్లు ఉన్నాయి, రెండూ ఆ బొంబాయి పెట్టెవే. ఒకటి నేను పదును పెట్టింది. రెండోది తొందరలో ఖాదర్ భాయ్ మనుషులు ఏదో దుకాణంలో గుండ్రటి ఆకురాయితో రుద్దించి తెచ్చింది. మొదటిదానితో మొదలుపెట్టాడు. జానెడు దిగిందో లేదో నిప్పురవ్వలు లేచాయి. ఎప్పుడో ఎవరో ఉయ్యాల కట్టడానికి కొట్టిన ఇనుప కొక్కెం, చెట్టు పెరిగి దాన్ని లోపలికి మింగేసింది. చైన్ మార్చి, కొక్కేనికి రెండు జానెల పక్కన రెండోదానితో పెట్టాడు. పొగ వచ్చింది, కోత చంద్రవంకలా తిరగసాగింది. మిషన్ ఆపేసి బాపు వైపు తిరిగాడు. "కాకా, నువ్వే పట్టాలె. జల్ది జర."

ఎవరో మా ఇంటి నుంచి తుమ్మమొద్దు, ఆకురాయి తెచ్చారు. బాపు మొద్దు ముందు కూర్చుని ఆకురాయి చేతిలోకి తీసుకున్నాడు. చుట్టూ ఊరు ఊరంతా నిలబడి ఉంది. అవ్వ నా భుజం గట్టిగా పట్టుకుంది. ఆయన ఆకురాయి అంచును పన్ను దగ్గరికి తీసుకెళ్లి, కొంతసేపు అలాగే ఉండి, కింద పెట్టేశాడు.

"నాకు కనబడదు యాదగిరి," అన్నాడు. "ఆరు నెలల సంది రూతు పదును పెడుతున్నది. నా బిడ్డ. నువ్వు కోసేది ఆమె పట్టిన చైన్‌తోనే."

యాదగిరి చేతిలోని మిషన్ కింద పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "చైన్ తెగి మీదికొస్తే పోయేది నా కాలు కాకా. నాకు చెప్పాలె గద."

"చెప్పాలె. తప్పయింది," అన్నాడు బాపు.

యాదగిరి నా వైపు చూశాడు. ఆరు నెలల కోతలన్నీ గుర్తు చేసుకుంటున్నట్టు చూశాడు. "చెల్లే, ఎంత సేపు పడతది?"

"గంట," అన్నాను. "కొక్కేనికి తగిలినదే ఇయ్యి అన్న. అది చివర్లు పోయినా మూలలున్నయ్. రెండోదానికి మూలలే లేవు."

"కూసో," అని తన తలగుడ్డ తీసి మడిచి తుమ్మమొద్దు ముందు పరిచాడు.

ఆ గంటలో నాకు జనం కనిపించలేదు. పన్ను, మూల, వెలుతురు. తోయడం, లేపడం. కొక్కేనికి తగిలిన పళ్లు చాలా వెనక్కి పోయాయి కాబట్టి మిగతా వాటినీ వాటికి సమం చేయాలి. బాపు పక్కన కూర్చుని ప్రతి పన్నుకూ గోరు ఆనించి "ఊ" అంటున్నాడు. మధ్యలో కిటికీలోంచి సాలమ్మ గొంతు వినిపించింది. "ఎవలు గీకుతున్నరు అక్కడ?"

"నేను పెద్దమ్మా, రూతును."

"దేవదానం బిడ్డవా? మెల్లగ చెయ్, నాకేం తొందర లేదు. కుండల నీళ్లున్నయ్. కోడిపెట్ట గూడ నా కాడనే ఉన్నది." కొంచెం ఆగి మళ్లీ అంది, "తప్పు మాత్రం చెయ్యకు."

ఎవరో నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, తర్వాతి పన్నుకు జరిగాను.

యాదగిరి చైన్ ఎక్కించి, ఈసారి కొక్కేనికి దూరంగా, గోడకు ఇవతల గీత పెట్టి దించాడు. పొట్టు రాలేదు. అటుకుల్లా విడివిడిగా, ఎర్రటి చింతచేవ రేకులు ఎగిరి అతని మోకాళ్ల మీద పడ్డాయి. కోత కిందికి తిన్నగా దిగింది. చివరి వేలెడు మిగిలాక చెట్టు మూలిగి, బయటి వైపుకు పడింది. మట్టిగోడ అలాగే నిలబడింది. తలుపు తీసుకుని సాలమ్మ చంకలో కోడితో బయటికి వచ్చింది. తిన్నగా నా దగ్గరికి వచ్చి, ఇనుప రజనుతో నల్లబడ్డ నా రెండు చేతులూ పట్టుకుని, అక్కడే నిలబడి ప్రార్థన చేసింది. కోడి కింద తిరుగుతోంది. ఆమె ప్రార్థన ఎప్పుడూ పొడుగే, ఆ రోజు ఎవరూ కదల్లేదు. సాయంత్రం యాదగిరి మా ఇంటికి వచ్చి, బాపును దాటి, చైన్లు నా చేతికి ఇచ్చాడు. "రేపటికి," అన్నాడు. మర్నాటి నుంచి ఖాదర్ భాయ్ మనుషులు మా ఇంటికి వస్తే రూతమ్మ ఉన్నదా అని అడిగేవాళ్లు.

ఇప్పుడు ఆ తోపులు లేవు. మేం కోసిన చోట్లలో గోడలు, గేట్లు, కాలేజీ భవనాలు లేచాయి. ఆ పాపంలో నాకూ వాటా ఉందని ఒక్కోసారి అనిపిస్తుంది, దాచుకోను. మా దుకాణంలోనూ కరెంటు గ్రైండర్ ఉంది, పది నిమిషాల్లో ఒక చైన్ అయిపోతుంది. నా దగ్గర పని నేర్చిన ఇద్దరు అమ్మాయిలు దాన్ని నాకంటే బాగా వాడతారు. కాదనను, మంచి మిషనే. కానీ చైన్ దాని దగ్గరికి రావాలి, అది చైన్ దగ్గరికి పోలేదు. తుపాను పడ్డ తెల్లారి కరెంటు ఉండదు. అందుకని ఆ ఇద్దరికీ ముందు చేతిపని నేర్పాకే మిషన్ ముట్టనిచ్చాను. కాలేజీ తప్పిన ఆడపిల్ల అని నన్ను చూసి నాలుక చప్పరించిన వాడకట్టులోనే, రంపం పట్టే మగవాళ్లు పదును కోసం నా అరుగు ముందు వరస కట్టారు. ఇలా చెప్పుకోవడం గొప్ప అనుకుంటే అనుకోండి. గొప్పే.

చింతచెట్టు పడిన ఆ ఏడాది చివర బాపుకు ఆపరేషన్ అయింది. కట్టు విప్పి, నల్లద్దాలు తీసేయవచ్చన్న రోజు పొద్దున నేను అరుగు మీద ఒక చైన్ పూర్తి చేసి పెట్టాను. ఆయన వచ్చి కూర్చుని, దాన్ని ఎత్తి ఎండకు పట్టి, ఒక పన్ను వైపు చాలాసేపు చూశాడు.

"గిట్లుంటదా ఇది?" అన్నాడు.

"అదేంది బాపు? నువ్వే గద నేర్పినవ్."

"నేనేడ చూసిన బిడ్డా. ఆ పెట్టె వచ్చేనాటికే నాకు అంతా మబ్బు. గోరుకు తగిలింది చెప్పిన. నువ్వు చూసినవ్."

ఆయన ఎన్నడూ చూడని మూలను నాకు చూపించాడు. లోపల అవ్వ రొట్టెలు కొడుతున్న చప్పుడు ఆగిపోయింది, ఆమె కూడా వింటోంది. బాపు చైన్‌ను చేతుల్లో తిప్పుకుంటూ, చాక్‌పీసు గుర్తున్న పన్ను దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్కటీ కంటితో చూసి, గోరుతో చూసి, జరిపాడు. రొట్టె చల్లారిపోయినా లేవలేదు. ముప్పై ఆరూ అయ్యాక చైన్ నా ఒళ్లో పెట్టాడు.

"ఇరవై మూడోది జర పొట్టిగున్నది," అన్నాడు.

లెక్కపెట్టుకుంటూ వెళ్లి చూశాను. నిజమే, ఎంట్రుకంత పొట్టిగా ఉంది. మిగతా ముప్పై ఐదింటినీ దానికి సమం చేసేసరికి ఆ పూట గడిచిపోయింది. బాపు పక్కనే కూర్చుని చూస్తూ ఉన్నాడు.